చప్పుడు చేయని గేరుబాక్సు

మా అబ్బా లారీ డ్రైవరు. టాటా 1210 మీద పాతికేళ్లు తిరిగాడు. గేరుబాక్సు విషయంలో ఆయనకు చెవే డాక్టరు. సెలవుల్లో నన్ను క్యాబిన్‌లో పక్కన కూచోబెట్టుకుని, లివరు మీద చెయ్యి వేసి, "సున్ బేటా, మూడో గేరు ఏడుస్తోంది" అనేవాడు. నాకు ఇంజను గోల తప్ప ఏమీ వినపడేది కాదు. వారం తిరక్కుండా ఆ గేరుబాక్సు విజయవాడ ఆటోనగర్‌లో ఉస్తాద్ షెడ్డులో విప్పి పరిచి ఉండేది. మూడో గేరు గరారీ దందానాలు నిజంగానే అరిగి ఉండేవి.

ఈ కహానీలో ఏడ్చే గేరు లేదు. అదే ముసీబత్ అయింది.

2025 జూలైలో గుంటూరులో ఒక వలీమా తిని రాత్రి మంగళగిరికి వస్తున్నాం. బండి మా బహనోయిది, అంటే మా చెల్లెలి భర్తది. ఆయనే నడుపుతున్నాడు. వెనక అమ్మీ, చెల్లెలు, ఇద్దరు పిల్లలు. కాజ టోల్‌గేటు దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగింది. కింద ఇంగ్లీషులో ఒక లైను, హైబ్రిడ్ సిస్టం చూపించుకోమని. బండి మామూలుగానే పోతోంది. ఏ చప్పుడూ లేదు. బహనోయి జాగ్రత్త మనిషి కదా, పక్కకు తీసి ఆపాడు, స్విచ్ ఆర్పాడు. మళ్లీ నొక్కితే దీపాలన్నీ వెలిగాయి గానీ 'రెడీ' అన్న ఆకుపచ్చ అక్షరాలు మాత్రం రాలేదు. పది సార్లు నొక్కాడు. రాలేదు.

"భాయీ, గేరుబాక్సుకేమీ కాదు. దుబాయ్‌లో వీటి మీదే తొమ్మిదేళ్లు తిరిగాను" అన్నాడు. గొంతులో ఇత్మీనాన్ లేదు.

ఆ దారిన పోతున్న ట్రాక్టరును నేనే ఆపాను. తాడు కట్టించిందీ నేనే. నాలుగైదు కిలోమీటర్లు ఈడ్చుకుంటూ మంగళగిరి చేర్చాం. నలభై దాటిన జర్నలిస్టును, ఊళ్లో ఏ పని ఎవరితో చేయించాలో తెలుసన్న ఘమండ్ ఉంది నాకు. హైబ్రిడ్ బండిని ముందు చక్రాలు నేల మీద దొర్లేలా ఈడ్వకూడదని అప్పటికి తెలియదు. చక్రాలు తిరిగితే లోపలి మోటారూ తిరుగుతుంది. అందులో మక్నాతీస్ ఉంటుంది కాబట్టి తిరిగిన కొద్దీ కరెంటు పుడుతుంది. పైగా ఇంజను ఆగి ఉంటే ఆయిలు పంపూ ఆగి ఉంటుంది. అలాంటి బండిని పూర్తిగా పైకెత్తి లారీ మీద తేవాలి. ఆ తాడు వల్ల ఎంత నుఖ్సాన్ జరిగిందో తర్వాత ఉస్తాద్ తేల్చలేదు. తేల్చమని నేనూ అడగలేదు.

బండి సంగతి ముందు చెప్పాలి. బహనోయి దుబాయ్‌లో టాక్సీ నడిపేవాడు. అక్కడి రవాణా సంస్థ 2008లోనే హైబ్రిడ్ కామ్రీలను టాక్సీలుగా నడిపి చూసింది, ఆ తర్వాత వందల్లో దింపింది. యాభై డిగ్రీలకు దగ్గరయ్యే ఎండల్లో, ఏసీ ఆర్పకుండా, షిఫ్టుకొక డ్రైవరు మారుతూ అవి లక్షల కిలోమీటర్లు తిరగడం ఈయన కళ్లారా చూశాడు. "ఇంజను పోయిన బండి చూశాను, బ్యాటరీ పోయిన బండి చూశాను, గేరుబాక్సు పోయింది మాత్రం చూళ్లేదు" అనేవాడు. తిరిగొచ్చాక ఆ కమాయీ అంతా కూడేసి 2024 డిసెంబరులో ఒక సెకండ్ హ్యాండు హైబ్రిడ్ సెడాన్ కొన్నాడు. మంగళగిరి నుంచి హైదరాబాదు, విజయవాడ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టు, ఎయిమ్స్‌కు వచ్చే పేషెంట్లు, ఇలా కిరాయిలు తిప్పుకుంటానన్నాడు. బండి కంపెనీ పేరు రాయను, తప్పు దానిది కాదు. అమ్మిన వ్యాపారి పేరూ రాయను, అది వేరే కారణం.

కొనే ముందు నన్ను వెంట తీసుకెళ్లాడు. "మీరు ఒకసారి చూడండి భాయీ, పేపర్లు మీకు బాగా తెలుస్తాయి" అన్నాడు. 2016 మోడలు, ఏపీ 16 నంబరు, లక్షా నలభై వేల కిలోమీటర్లు. ఆర్‌సీ చూశాను, ఇన్సూరెన్సు చూశాను, ఫైనాన్సు లేదని చూశాను. ధర తక్కువగా ఉంది. "హైబ్రిడ్ అంటే మనోళ్లు భయపడతారు సార్, అందుకే తక్కువ" అన్నాడు వ్యాపారి. నమ్మదగ్గ మాటే. మన దేశంలో ఈ బండ్లకు 2015లో ఫేమ్ పథకం కింద రాయితీ వచ్చింది, 2017 జూలైలో జీఎస్టీతో సెస్సు కలిపి పన్ను 43 శాతానికి చేరింది. అమ్మకాలు కూలిపోయాయి. 2022లో హైరైడర్, గ్రాండ్ విటారా, సిటీ హైబ్రిడ్, ఆ ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వచ్చేదాకా మన రోడ్ల మీద అసలైన హైబ్రిడ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. బండ్లు తక్కువ కాబట్టి మెకానిక్కులూ తక్కువ, మెకానిక్కులు తక్కువ కాబట్టి ధరా తక్కువ. సరే తీసుకో అన్నాను.

నేను చూడని తేదీ ఒకటుంది. 2024 సెప్టెంబరు 1. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన రోజు. ఆ వారమంతా నేను పడవల మీదా ట్రాక్టర్ల మీదా తిరిగి రిపోర్టు చేశాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం పోతుంటే నిలబడి చూశాను. నీళ్లు తీశాక వీధుల్లో వరసగా నిలబెట్టిన కార్ల మీద, ఇన్సూరెన్సు సర్వేయర్ల కోసం ఎదురుచూసే జనం మీద ఒక స్టోరీ కూడా రాశాను. ఈ బండ్లన్నీ ఎక్కడికి పోతాయి అని అందులో నేనే అడిగాను. మూడు నెలలకు ఏపీ 16 నంబరు బండి తక్కువ ధరకు ఎదురుగా నిలబడితే ఆ సవాలు నాకు యాద్ రాలేదు.

కాజ దగ్గర ఆగిన బండిని ముందు పెద్ద షోరూముకు లారీ మీద పంపాం. కంప్యూటరు పెట్టి కోడు చదివారు: హై వోల్టేజీ ఎక్కడో బాడీలోకి లీకవుతోందని. గేరుబాక్సు మొత్తం మార్చాలన్నారు, విడి భాగాలు రావన్నారు. చెప్పిన ధర బండి కొన్నదాంట్లో సగం పైనే. అప్పుడు అబ్బా ఉస్తాద్ గుర్తొచ్చాడు.

ఉస్తాద్‌కు డెబ్బై దగ్గర పడుతున్నాయి. జవహర్ ఆటోనగర్‌లో షెడ్డు ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చి కుర్చీ వేసుకుని కూచుంటాడు. జిందగీ అంతా లారీ గేరుబాక్సులు చేసిన చేతులు. హైబ్రిడ్ అనగానే, "నక్కో బేటా, ఆ నారింజ రంగు వైర్లు నేను ముట్టను" అన్నాడు. కొడుకు బెంగళూరులో ట్రైనింగు తీసుకున్నాడట, రబ్బరు గ్లవుజులున్నాయి, మెగ్గరు ఉంది. సర్వీసు ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగి, అప్పుడు మొదలెట్టాడు. ఈ వైర్లలో కొన్ని మోడళ్లకు 650 వోల్టుల దాకా ఉంటుంది. మన ఇంట్లోది 230. అందుకే చెబుతున్నా, తెలియనివాళ్లను చెయ్యి పెట్టనివ్వకండి.

కుర్రాడు పని చేస్తుంటే ఉస్తాద్ నన్నడిగాడు. "దీంట్లో గేర్లు ఎన్ని? బెల్టు ఉంటుందా? క్లచ్చు ఎక్కడ?"

నేను ఉర్దూ మీడియంలో చదివానని మీకు తెలుసు. కాలేజీలో తెలుగు చదివాను. ఇంజనీరింగు నాకు రెండు భాషల్లోనూ రాదు. కానీ ఆ వారం రోజులూ చదివింది చదివినట్టే ఉర్దూ సైన్సు పుస్తకం భాషలో చెబితే ఆయనకు టక్కున ఎక్కింది. దీంట్లో బెల్టు లేదు, మార్చే గేర్లు లేవు. ఒక నిజామె షమ్సీ ఉంది. నడుమ సూరజ్ గరారీ, దాని చుట్టూ తిరిగే సయ్యారా గరారీలు, వాటన్నిటి చుట్టూ లోపలివైపు దందానాలున్న పెద్ద చక్రం. సూరజ్‌కు ఒక మోటారు కట్టారు. సయ్యారాలను మోసే పళ్లేనికి ఇంజను కట్టారు. బయటి చక్రానికి రెండో మోటారూ, రోడ్డు చక్రాలూ కట్టారు. ఇంజను ఖువ్వత్ ఎప్పుడూ రెండుగా చీలుతుంది. 1997 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన మొదటి ప్రియస్‌లో సూరజ్‌కు 30 దందానాలు, బయటి చక్రానికి 78. అందుకని ఇంజను తిప్పే బలంలో 72 శాతం తిన్నగా చక్రాలకు పోతుంది, 28 శాతం సూరజ్ మోటారు మీద పడి కరెంటవుతుంది. సూరజ్ మోటారు ఎంత వేగంగా, ఏ వైపు తిరగాలో కంప్యూటరు చెబుతుంది. అది మారితే 'గేరు' మారినట్టు. దందానాలు మాత్రం ఎప్పుడూ కలిసే ఉంటాయి. ఇంజనును స్టార్టు చేసేదీ ఆ సూరజ్ మోటారే, వేరే సెల్ఫ్ మోటారు లేదు.

ఉస్తాద్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే అరగడానికి ఏమీ పెట్టలేదన్నమాట. షైతాన్ బుర్ర" అన్నాడు, మెచ్చుకోలుగానే.

నిజంగానే ఆ పనితనం గట్టిది. కెనడాలో వాంకూవర్‌లో ఒక టాక్సీ డ్రైవరు తొలి ప్రియస్‌ను రెండేళ్లకు కాస్త పైన మూడు లక్షల కిలోమీటర్లు దాటిస్తే కంపెనీవాళ్లే బండి వెనక్కి తీసుకుని విప్పి చూసుకున్నారు. అయితే హైబ్రిడ్ అన్న పేరున్నవన్నీ ఇలాంటివి కావు. హోండా 2013లో జపాన్‌లో ఫిట్ హైబ్రిడ్‌కు రెండు క్లచ్చుల ఏడు గేర్ల బాక్సు పెట్టింది. ఏడాదిలో మళ్లీ మళ్లీ రికాల్ చేయాల్సొచ్చింది, చివరికి కంపెనీ పెద్దలు తమ జీతాలు తామే కోసుకున్నారు. అదే కంపెనీ తర్వాతి హైబ్రిడ్లలో, మన దగ్గరి సిటీతో సహా, గేర్ల మాటే తీసేసింది. ఊళ్లో రెండు మోటార్ల పనే, హైవే మీద మాత్రం ఒక క్లచ్చు ఇంజనును చక్రాలకు కలుపుతుంది. కొన్నేళ్ల కిందట స్మార్ట్ హైబ్రిడ్ స్టిక్కరుతో అమ్మిన బండ్లలో ఉన్నది మామూలు గేరుబాక్సే. స్టిక్కరు చూసి పోల్చకండి.

మరి ఈ షమ్సీ బాక్సులు ఎలా చస్తాయి? ఎక్కువగా పక్కింటివాళ్ల పాపానికి. కరెంటును మార్చే ఇన్వర్టరు చల్లబడాలి, దాని నీళ్ల పంపు చిన్న ఎలక్ట్రిక్ పంపు. 2012 నవంబరులో ఆ పంపూ, స్టీరింగు లోపం, రెంటి కోసం టొయోటా 27 లక్షలకు పైగా బండ్లను పిలిచింది. 2014 ఫిబ్రవరిలో ఇన్వర్టరు సాఫ్ట్‌వేరు కోసం 19 లక్షల ప్రియస్‌లను పిలిచింది. ఇక బాక్సు లోపల చూస్తే బేరింగులు, మోటారు తీగల పూత. ఈ రెండింటికీ ప్రాణం ఒకటే, ఆయిలు. ఆ కొద్ది లీటర్ల ఆయిలే గేర్లను తడపాలి, మోటార్ల వేడినీ లాగాలి. దాన్ని జిందగీ అంతా మార్చక్కర్లేదని చాలామంది నమ్ముతారు. లక్ష కిలోమీటర్లకు ఒకసారి తీసి చూడమని టాక్సీ మెకానిక్కులు చెబుతారు. నేను టాక్సీ మెకానిక్కుల వైపు.

కుర్రాడు కింద ప్లగ్గు విప్పాడు. పళ్లెంలోకి ఎర్రగానో నల్లగానో ఆయిలు రావాలి. ఇరానీ చాయ్ వచ్చింది. అచ్చం అదే రంగు, పైన నురగ కూడా.

ఉస్తాద్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "పానీ" అన్నాడు. గేరుబాక్సు గాలి పీల్చుకోవడానికి పైన చిన్న గొట్టం ఉంటుంది. బండి అంత లోతున మునిగితే నీళ్లు దాంట్లోంచి దిగుతాయి. కుర్రాడు ముందు సీటు పట్టాల కింద టార్చి వేశాడు. ఎండిన సన్నటి ఒండ్రు, గోటితో గీస్తే పొడిగా రాలింది. బహనోయి ఆ పొడి వంక చూస్తూ నిలబడ్డాడు. నావైపు చూడలేదు.

పది రోజులు ఆ ఆయిలు తీసి కొత్తది పోసి, తిప్పి, అది తీసి ఇంకోటి పోసి, బాక్సు మూతలు తెరిచి ఎండలో పెట్టి ఆరబెట్టారు. మెగ్గరు రీడింగు పెరిగింది. కోడు చెరిపారు. 'రెడీ' వెలిగింది. సర్వీసు రోడ్డు మీద రెండు చక్కర్లు కొట్టాం, బండి పట్టులా నడిచింది. ఉస్తాద్ వెనక సీట్లో కూచుని కళ్లు మూసుకున్నాడు. ఎనభై దాటాక సన్నగా, దోమ పాటలాంటి ఒక ఈల. "బేరింగులకు తుప్పు పట్టింది. తీగల పూత కూడా తిని ఉంటుంది. నెలో, ఆరు నెలలో" అన్నాడు.

ఆ రాత్రి బహనోయి మా ఇంటికొచ్చాడు. "భాయీ, అమ్మేద్దాం" అన్నాడు. "నాకు వాళ్లు చెప్పారా? ఈఎంఐ లేదు గానీ చెల్లి నగలు పెట్టి తెచ్చిన లక్షన్నర ఉంది. ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా."

నేను వద్దనలేదు. ఈ మాట రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

తెనాలి వైపు నుంచి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు, భార్యతో. ఆవిడకు మోకాళ్లు బాగా లేవు, కుదుపులేని బండి కావాలట. నేనే పక్కన కూచుని ఊరంతా తిప్పాను. కొండ చుట్టూ, ఎయిమ్స్ దాకా. యాభై దాటకుండా నడిపాడు బహనోయి. మైలేజీ ఎంతో నేనే చెప్పాను. తిరిగొచ్చాక మాస్టారు జేబులోంచి అడ్వాన్సు కవరు తీసి, "మీరు పత్రికలో రాస్తారటగా బాబూ. ఇంకేం చూసుకోవాలి" అని దాన్ని బహనోయికి ఇవ్వకుండా నా చేతిలో పెట్టబోయారు.

చెయ్యి చాపలేకపోయాను. "మాస్టారూ, దీని గేరుబాక్సులోకి వరద నీళ్లు పోయాయి. ఆరబెట్టి తెచ్చాం. ఎన్నాళ్లుంటుందో మెకానిక్కే చెప్పలేదు" అన్నాను.

చాయ్ వచ్చింది. ఆయన తాగారు, ఆవిడ తాగలేదు. వెళ్లేటప్పుడు మాస్టారు థ్యాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అప్పటికే గంటన్నర నేను అబద్ధం పక్కన కూచున్నాను కదా.

బహనోయి నాతో మాట్లాడటం మానేశాడు. నాకు సచ్చాయీ కనపడాల్సిన రోజు బండి కొన్న రోజట, అమ్మే రోజు కాదట. చెల్లెలి ద్వారా కబురు. జవాబు ఏం చెప్పాలి? నిజమే అన్నాడు. మంగళగిరిలో రెండు వీధుల అవతల ఇల్లు. మస్జిద్‌లో ఒకే సఫ్‌లో నిలబడి సలాం తిప్పాక తలొక తలుపులోంచి పోయేవాళ్లం. అమ్మీ రెండు ఇళ్లకూ వండి పంపేది, రెండు ఇళ్లనూ తిట్టేది.

బాక్సు విప్పమని ఉస్తాద్‌కు చెప్పింది నేను. బేరింగులు ఆయన చెప్పినట్టే ఉన్నాయి, చిన్న చిన్న గుంటలు పడి. ఒక మోటారు తీగలు ఒకచోట నల్లబడ్డాయి. డెల్టాలో సగం పొలాల పంపు మోటార్లు చుట్టే ఒకాయన దగ్గరికి దాన్ని తీసుకెళ్లాం. ఆయన తిప్పి తిప్పి చూసి, "తీగ చుట్టగలను సాయిబుగారూ. కానీ వేడి నూనెలో మునిగి ఉండాలంటే నా వార్నిషు ఆగుతుందని గ్యారంటీ ఇవ్వలేను, డబ్బు పాడు చేసుకోకండి" అన్నాడు. ఆ వ్యాపారి దగ్గర ఈ మాటలో పావు వంతున్నా సరిపోయేది.

చివరికి చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులో దొరికింది, వెనక నుంచి గుద్దుకున్న బండి తాలూకు బాక్సు. ఉస్తాద్ కొడుకు వెళ్లి, ప్లగ్గు విప్పి ఆయిలు రంగు చూసి, మెగ్గరు పెట్టి చూసి తెచ్చాడు. డబ్బు నా పీఎఫ్‌లోంచి తీశాను. చెల్లెలితో ఖర్జె హసనా అని చెప్పించాను, ఎప్పుడిచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే అని. బహనోయి ఔననలేదు, కాదనలేదు. బండి తయారయ్యాక వచ్చి తాళం తీసుకుపోయాడు.

మన ఇళ్లల్లో ఇప్పుడు చాలామంది గల్ఫ్ నుంచి వచ్చి ఇవే బండ్లు చూస్తున్నారు. కాబట్టి తజుర్బాతో నాలుగు మాటలు. కొనే ముందు ఆయిలు ప్లగ్గు విప్పించి రంగు చూడండి, అయిదు నిమిషాల పని, ఒప్పుకోని వ్యాపారిని వదిలేయండి. పాత ఇన్సూరెన్సు పాలసీలు అడిగి, నో క్లెయిమ్ బోనస్ ఏ ఏడాది తెగిందో చూడండి. కంపెనీ చెప్పే ఎనిమిదేళ్ల వారంటీ బ్యాటరీకి, గేరుబాక్సుకని అనుకోకండి. సిగ్నలు దగ్గర ఎక్కువసేపు న్యూట్రల్‌లో పెట్టకండి, అందులో ఉన్నంతసేపూ బ్యాటరీ చార్జి కాదు. ఇది దుబాయ్‌లో బహనోయికి మొదటి రోజు నేర్పిన పాఠమట.

కిందటి వారం ఆయన ఫోను చేశాడు. నెలల తర్వాత. సలాం చెప్పి ఒక్క క్షణం ఆగాడు.

"భాయీ, ముప్పై వేలు తిరిగింది. ఒకసారి ఆయిలు తీసి రంగు చూద్దామనుకుంటున్నా. ఉస్తాద్ షెడ్డు శుక్రవారం తీస్తారా?"

జుమ్మా తర్వాత తీస్తారని చెప్పాను. "అయితే మీరూ రండి, నమాజయ్యాక అటే పోదాం" అన్నాడు.